సూపర్నోవా లక్షణ విచారం

ఏ వస్తువైనా సిద్ధించాలంటే దానికి లక్షణమూ కావాలి, ప్రమాణమూ కావాలి. ఇది మన శాస్త్రకారులందరూ అంగీకరించిన నియమం. ప్రమాణం వస్తువు ఉన్నదని చెబుతుంది, లక్షణం దానిని ఇతర వస్తువుల నుండి వేరు చేసి చూపుతుంది. ఈ రెండింటిలో లక్షణం చెప్పడం సులభమని పైకి తోస్తుంది. నిజానికి అదే కష్టం. తర్కశాస్త్రం ఆరంభించిన ప్రతి విద్యార్థికీ గోవు ఉదాహరణ కంఠస్థమే. కపిలవర్ణం కలది గోవు అంటే తెల్లని ఆవు విడిచిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు కలది గోవు అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట కలది గోవు అంటే ఏ గోవుకూ కుదరదు, అది అసంభవం. గంగడోలు కలది గోవు అన్నప్పుడే లక్షణం నిర్దుష్టమవుతుంది.

ఈ పాఠాన్ని మనం పశుశాలతో ముగించి వదిలివేస్తాము. కాని గత 140 సంవత్సరాలలో ఖగోళ పరిశోధకులు ఆకాశంలోని ఒక వస్తువుకు నిర్దుష్ట లక్షణం చెప్పడానికి పడిన శ్రమను పరిశీలిస్తే, ఆ మూడు దోషాలలో రెండు అడుగడుగునా ఎదురవుతాయి. ఆ వస్తువు సూపర్నోవా, అనగా ఒక నక్షత్రం సంపూర్ణంగా గాని, అధిక భాగం గాని విస్ఫోటనం చెంది, కొన్ని వారాల పాటు కోట్లాది నక్షత్రాలకు సమానమైన కాంతితో వెలగడం. దాని లక్షణంలోని దోషం ఒకప్పుడు విశ్వపరిమాణాన్నే తప్పుగా చూపింది. ఆ దోష పరిహారం తరువాతి కాలంలో విశ్వగతినే తెలిపింది. అందుచేత ఈ చరిత్ర కేవలం నక్షత్రశాస్త్ర విషయం కాదు, ప్రమాణ విచారంలో ఆసక్తి కలవారందరికీ సంబంధించినది.

డోర్పాట్‌లో కనిపించిన తార

1885 ఆగస్టు 20వ తేదీ రాత్రి, నేటి ఎస్టోనియా దేశంలోని టార్టు నగరంలో, ఆనాటి పేరు డోర్పాట్ గల వేధశాలలో, ఎర్నెస్ట్ హార్ట్‌విగ్ అనే పరిశోధకుడు ఆండ్రోమెడా నీహారిక మధ్యభాగాన ఒక కొత్త తారను చూశాడు. అంతకు ముందు మూడు రోజుల వ్యవధిలో మరి ఇద్దరు దానిని చూశారని తరువాత తెలిసింది. కాని చూడడం వేరు, గుర్తించడం వేరు. హార్ట్‌విగ్ కూడా వెంటనే ప్రకటించలేదు. చంద్రకాంతి ప్రతిఫలనం వల్ల కలిగిన భ్రాంతి కాదని నిశ్చయించుకున్న తరువాతనే లోకానికి తెలియజేశాడు. శుక్తిలో రజతభ్రాంతిని గురించి చదివినవారికి ఈ జాగ్రత్త విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

ఆ తార కాంతి సుమారు 6వ పరిమాణం. అంటే స్వచ్ఛమైన చీకటి ఆకాశంలో సామాన్య నేత్రానికి అందీ అందని మేర. కొద్ది నెలలలో అది క్షీణించి అదృశ్యమైంది. దానికి ‘ఎస్ ఆండ్రోమెడే’ అని పేరు పెట్టి, నోవాల పంక్తిలో, అనగా నవతారల పంక్తిలో చేర్చారు. అకస్మాత్తుగా వెలిగి మెల్లగా తగ్గిపోయే తారలు అప్పటికే కొన్ని తెలుసును గనుక, ఇదీ వాటిలో ఒకటి అనుకున్నారు. ‘కొత్తగా వెలిగినది నవతార’ అన్నది వారి లక్షణం. గేదెను గోవుల మందలో కట్టివేసిన అతివ్యాప్తి ఇక్కడే జరిగింది.

నామదోషం వల్ల కుదించుకుపోయిన విశ్వం

ఆ దోష ఫలం 35 సంవత్సరాల తరువాత ప్రత్యక్షమైంది. 1920 ఏప్రిల్ 26న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో హార్లో షాప్లీ, హెబర్ కర్టిస్ అనే ఇద్దరు పండితుల మధ్య వాదం జరిగింది. విషయం విశ్వం యొక్క పరిమాణం. ఆండ్రోమెడా వంటి సర్పిలాకార నీహారికలు మన నక్షత్రవీథిలోనివే అని షాప్లీ పక్షం. అవి మన వీథికి వెలుపల, అత్యంత దూరాన ఉన్న స్వతంత్ర నక్షత్రవీథులని కర్టిస్ పక్షం.

షాప్లీ చూపిన యుక్తులలో ఒకటి ఎస్ ఆండ్రోమెడేను గురించినది. ఆండ్రోమెడా నిజంగా అంత దూరంలో ఉంటే, అందులో వెలిగిన ఆ నవతార తక్కిన నవతారలన్నింటి కంటె వేల రెట్లు కాంతివంతమైనదని ఒప్పుకోవలసి వస్తుంది, అది యుక్తిసహం కాదు, కనుక ఆండ్రోమెడా సమీపంలోనే ఉన్నది. మన తార్కికుల పరిభాషలో ఇది అనిష్టప్రసంగం. చూపునకు దృఢమైన యుక్తి. కాని దీని అడుగున ఎవరూ పరీక్షించని ఒక వ్యాప్తి దాగి ఉన్నది: నూతనంగా వెలిగే తారలన్నీ ఒకే జాతివి. ఆ వ్యాప్తి సిద్ధించనంత కాలం యుక్తికి బలం లేదు.

కర్టిస్ దృష్టి సరిగ్గా అక్కడే పడింది. 1917లో జార్జ్ రిచీ అనే పరిశోధకుడు ఎన్‌జీసీ 6946 అనే నీహారికలో ఒక కొత్త తారను కనుగొన్న తరువాత, పాత ఛాయాచిత్ర ఫలకాలను వెదకగా ఆండ్రోమెడాలోనే పలు మందకాంతి నవతారలు బయటపడ్డాయి. అవన్నీ పరస్పరం సమానంగా ఉన్నాయి, ఎస్ ఆండ్రోమెడే ఒక్కటే వేరుగా ఉన్నది. నవతారలలో రెండు తరగతులు ఉండవచ్చునని కర్టిస్ సూచించాడు. ఆనాడు అది సూచన మాత్రమే. వాదం తేలలేదు.

తేల్చినది 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల దూరదర్శినితో తీసిన ఒక గాజు ఫలకం. అందులో ఒక చుక్కకు ఆయన మొదట నవతార సంకేతం వ్రాశాడు. తరువాత దానిని కొట్టివేసి, చరకాంతి తార అని వ్రాసి పక్కన ఆశ్చర్యార్థకం ఉంచాడు. అది సెఫీడ్ జాతి తార, దాని కాంతి హెచ్చుతగ్గుల కాలాన్ని బట్టి దూరం గణించవచ్చు. 1925 జనవరి 1న ఆ ఫలితం ప్రకటితమైంది. ఆండ్రోమెడా మన నక్షత్రవీథికి వెలుపల ఉన్నదని నిశ్చయమైంది. నేటి గణన ప్రకారం దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. ఒక చుక్క పేరు కొట్టివేసి మరొక పేరు వ్రాయడంతో విశ్వం ఎన్నో రెట్లు విశాలమైంది. దానితో పాటు షాప్లీ అనిష్టమనుకున్నదే సత్యమైంది: ఎస్ ఆండ్రోమెడే నిజంగానే నవతారల కంటె వేల రెట్లు కాంతిమంతం.

రెండు జాతులు

వేరు జాతి ఉన్నదని తెలిసిన తరువాత దానికి వేరు నామం కావాలి. వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ అనే ఇరువురు 1934లో ప్రకటించిన పత్రాలలో సూపర్నోవా అన్న పేరును స్థిరపరచారు. న్యూట్రాన్ అనే కణం కనుగొని అప్పటికి రెండు సంవత్సరాలే అయింది. అయినా వారు, సామాన్య నక్షత్రం న్యూట్రాన్ నక్షత్రంగా పరిణమించేటప్పుడు ఈ విస్ఫోటనం కలుగుతుందని సాహసంతో ప్రతిపాదించారు. కేవలం ప్రతిపాదించి ఊరుకోలేదు. 1936లో జ్వికీ పాలోమార్ పర్వతంపై 18 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పి, రాత్రి తరువాత రాత్రి అవే నక్షత్రవీథుల ఛాయాచిత్రాలు తీసి, పాతవాటితో సరిపోల్చుతూ కూర్చున్నాడు. జీవితకాలంలో ఆయన కనుగొన్న సూపర్నోవాలు 120కి పైగా ఉంటాయి. ఇది జపం వంటి పని. ఫలం ఏనాడు కలుగుతుందో తెలియకపోయినా ఆవృత్తి తప్పరాదు.

అలా దొరికిన వాటి కాంతిని వర్ణపటంగా విడదీసి పరీక్షించే భారం రుడాల్ఫ్ మింకౌస్కీ వహించాడు. జర్మనీ నుండి 1935లో అమెరికాకు వలస వచ్చిన శాస్త్రజ్ఞుడాయన. నక్షత్రకాంతిని పట్టకం వంటి సాధనం గుండా పంపితే రంగుల పట్టీ ఏర్పడుతుంది. అందులో ఒక్కొక్క మూలకం తన గుర్తుగా కొన్ని నియత స్థానాలలో రేఖలను విడిచిపెడుతుంది. 1941లో ఆయన 14 సూపర్నోవాల వర్ణపటాలను ముందుంచుకుని రెండు రాశులు చేశాడు. వాటిలో 9 ఒకదానినొకటి పోలి ఉన్నాయి, వాటిలో హైడ్రోజన్ రేఖలు లేవు. అవి 1వ రకం. తక్కిన 5 వేరుగా ఉన్నాయి, వాటిలో హైడ్రోజన్ కనిపించింది. అవి 2వ రకం.

ఇక్కడ మింకౌస్కీ వివేకాన్ని గమనించాలి. 1వ రకం వర్ణపటంలోని పట్టీలు ఏ మూలకానివో ఆయనకు తెలియలేదు. తెలియదు గనుక కారణాన్ని ఊహించి పేరు పెట్టలేదు. కనిపించిన భేదాన్ని మాత్రమే లెక్కించి, ఈ విభాగం తాత్కాలికమని స్పష్టంగా చెప్పాడు. 1960 దశకంలో జ్వికీ 3, 4, 5 రకాలను కూడా చేర్చాడు గాని అవి వాడుకలో నిలవలేదు. అవసరం లేని భేద కల్పనను మన తార్కికులు గౌరవదోషం అంటారు, లాఘవమే వారికి ఇష్టం.

కారణ విచారం

లక్షణం రూపాన్ని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. ఆ కారణం వైపు నడిపించిన ఒక మార్గం మన దేశం నుండి బయలుదేరింది. 1930లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్య ముగించుకుని ఇంగ్లండుకు ఓడలో వెళుతున్న 19 ఏళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఇంధనం ఖర్చయి కుదించుకుపోయిన శ్వేత కుబ్జ నక్షత్రాలకు ఒక గరిష్ఠ ద్రవ్యరాశి ఉంటుందని గణించాడు. అది మన సూర్యునికి సుమారు 1.4 రెట్లు. ఆ హద్దు దాటితే ఆ నక్షత్రం తన భారాన్ని తాను మోయలేదు. 1935లో ఎడింగ్టన్ వంటి మహాపండితుడు సభాముఖంగా దీనిని నిరాకరించాడు. గణితం మాత్రం చెక్కుచెదరలేదు. 1983లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది.

1960లో ఫ్రెడ్ హోయిల్, విలియం ఫౌలర్ అనే ఇరువురు రెండు కారణాలను విడదీశారు. ఒకటి, ఘనీభవించిన నక్షత్ర ద్రవ్యం అణుజ్వలనంతో ఒక్కసారిగా దగ్ధమవడం. శ్వేత కుబ్జ నక్షత్రం తోడి నక్షత్రం వలన హద్దుకు చేరి ఆహుతి కావడం ఈ కోవలోనిది. రెండు, సూర్యునికి ఎన్నో రెట్లున్న మహా నక్షత్రం గర్భం ఇంధనం లేక కుప్పకూలడం, దాని ప్రతిఘాతంతో పైపొరలు ఎగసిపోవడం. మొదటిది 1వ రకం, రెండవది 2వ రకం అని సంతోషంగా జతపరచారు. రెండు లక్షణాలు, రెండు కారణాలు. అంతా సరిపోయినట్లే ఉన్నది.

సరిపోలేదు. 1980 దశకంలో 1వ రకంలోని కొన్నింటిని నిశితంగా చూడగా, ఆ రకానికి గంగడోలు వంటిదైన సిలికాన్ గుర్తు వాటిలో లేదు. కొన్నింటిలో హీలియం ఉన్నది, మరికొన్నింటిలో అదీ లేదు. విచారించగా ఇవి శ్వేత కుబ్జ తారలు కావని తేలింది. మహా నక్షత్రాలే తమ పైనున్న హైడ్రోజన్ పొరను ముందుగానే కోల్పోయి, వస్త్రం తీసివేసిన దేహం వలె నిలిచి, ఆపైన కూలిపోయాయి. అంటే కారణం 2వ రకానిది, వేషం 1వ రకానిది. ‘హైడ్రోజన్ లేనిది’ అన్న అభావ లక్షణం రెండు వేరు వేరు కులాలను ఒకే గోత్రంగా చూపింది. అందుచేత 1వ రకాన్ని మూడుగా విభజించారు. సిలికాన్ కలది 1ఏ, హీలియం కలది 1బీ, రెండూ లేనిది 1సీ. వీటిలో 1ఏ మాత్రమే శ్వేత కుబ్జ నక్షత్ర దహనం.

ఇంటి మీద వాలిన కాకి

దేవదత్తుని ఇల్లు ఏదని అడిగినవానికి, అదిగో కాకి వాలిన ఇల్లు అని చూపుతారు. కాకి ఎగిరిపోయినా ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. ఇటువంటి గుర్తును వేదాంతులు తటస్థ లక్షణం అంటారు. స్వరూప లక్షణం దీనికి భిన్నం, వస్తువు ఉన్నంతవరకు అది విడిచిపోదు.

1993 మార్చి 28న స్పెయిన్ దేశానికి చెందిన ఔత్సాహిక పరిశీలకుడు ఫ్రాన్సిస్కో గార్సియా దియాజ్, ఎం 81 అనే నక్షత్రవీథిలో ఒక సూపర్నోవాను కనుగొన్నాడు. మొదట దాని వర్ణపటంలో హైడ్రోజన్ స్పష్టంగా ఉన్నది. 2వ రకమని వ్రాశారు. కొన్ని వారాలు గడిచేసరికి హైడ్రోజన్ మందగించి హీలియం ప్రబలింది, చూపునకు 1బీ వలె మారింది. నక్షత్రం మారలేదు. పలుచగా మిగిలిన హైడ్రోజన్ పొర విస్తరించి పారదర్శకమై లోపలి హీలియం బయటపడింది, అంతే. కాకి ఎగిరిపోయింది. దానిని 2బీ రకమని పిలిచారు. మింకౌస్కీ గీసిన గీతకు రెండు వైపులా ఒకే నక్షత్రం నిలబడి, ఆ గీత బాహ్య పొర మందాన్ని మాత్రమే కొలుస్తుందని నిరూపించింది.

దీనికి ఆరు సంవత్సరాల ముందు, 1987 ఫిబ్రవరిలో, మరొక సూపర్నోవా గర్భపతన కారణానికి అత్యంత సన్నిహిత ప్రమాణాన్ని ఇచ్చింది. మన వీథికి ఉపగ్రహం వంటి పెద్ద మెగెల్లాన్ మేఘంలో, 1.6 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన అది వెలిగింది. చిలీలోని లాస్ కంపానాస్ వేధశాలలో ఇయాన్ షెల్టన్ దానిని చూశాడు. అయితే ఆ కాంతి కంటె కొన్ని గంటల ముందే జపాన్, అమెరికా, రష్యాలలో భూగర్భాన ఉంచిన యంత్రాలకు న్యూట్రినో కణాలు కొన్ని తగిలాయి. అన్నీ కలిపితే సుమారు 25. నక్షత్ర గర్భం కూలినప్పుడు మాత్రమే అంతటి న్యూట్రినో ప్రవాహం బయలుదేరుతుంది. అప్పటివరకు ధూమాన్ని చూసి అగ్నిని ఊహించారు, ఆ రోజు అగ్ని వేడి నేరుగా తగిలింది.

సప్తర్షుల చెంత వెలిగినది

ఇంత విచారం ఎందుకు అనే ప్రశ్నకు 1998 సమాధానం. 1ఏ సూపర్నోవాల గరిష్ఠ కాంతి ఇంచుమించు సమానం. మెల్లగా తగ్గేవి కొంత అధికంగా, త్వరగా తగ్గేవి కొంత తక్కువగా వెలుగుతాయని మార్క్ ఫిలిప్స్ 1993లో నిరూపించడంతో ఆ కొంచెం భేదాన్ని కూడా సవరించే ఉపాయం దొరికింది. కాంతి ఎంతో తెలిసిన దీపం ఎంత మందంగా కనిపిస్తున్నదో కొలిస్తే దాని దూరం తెలుస్తుంది. రెండు పరిశోధక బృందాలు సుదూర సూపర్నోవాలను ఇలా కొలవగా, అవి అనుకున్నదాని కంటె మందంగా, అంటే దూరంగా ఉన్నాయి. విశ్వ విస్తరణ వేగం తగ్గడం లేదు, పెరుగుతున్నది. ఆ కొలతల మధ్య 1సీ వంటి మందకాంతి తార 1ఏ అనే పేరుతో చేరితే, దాని కాంతిలోపాన్నే మనం దూరమని భ్రమిస్తాము. 1885 నాటి అతివ్యాప్తి మళ్లీ విశ్వపరిమాణాన్ని తప్పుగా చూపుతుంది. అందుకే ఆ గణనలో వర్ణపట పరీక్షకు అంతటి ప్రాధాన్యం.

ఆ పరీక్ష ఎంత వేగవంతమైనదో 2011 ఆగస్టు 24 తెలిపింది. పాలోమార్ పర్వతం మీది 48 అంగుళాల దూరదర్శిని ప్రతి రాత్రీ ఆకాశాన్ని చిత్రిస్తుంది. కొత్త చిత్రం నుండి పాత చిత్రాన్ని గణకయంత్రం తీసివేస్తుంది. మిగిలినది నూతనం. అయితే మిగిలినదంతా సూపర్నోవా కాదు. దారిన పోయే గ్రహశకలం కావచ్చు, చరకాంతి తార కావచ్చు, యంత్రదోషం కావచ్చు. ఆ రోజు ఎం 101 అనే నక్షత్రవీథిలో, ముందు రాత్రి ఏమీ లేని చోట, ఒక చుక్క మిగిలింది. పీటర్ న్యూజెంట్ దాని ప్రాముఖ్యాన్ని గుర్తించి ఇతర వేధశాలలకు తెలిపాడు. కొద్ది గంటలలోనే అట్లాంటిక్ సముద్రంలోని లా పాల్మా ద్వీపంపై ఉన్న లివర్‌పూల్ దూరదర్శిని వర్ణపటం తీసింది. హైడ్రోజన్ లేదు, సిలికాన్ ఉన్నది. 1ఏ రకమని నిశ్చయమైంది. విస్ఫోటనం జరిగిన సుమారు 11 గంటలకే చిక్కిన ఆ తారకు ఎస్‌ఎన్ 2011ఎఫ్‌ఈ అని పేరు. దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని తొలి కాంతి ఎంత స్వల్పమో కొలిచి, దగ్ధమైనది శ్వేత కుబ్జమంత చిన్న వస్తువేనని కూడా నిర్ధారించారు. విశ్వ విస్తరణ వేగం పెరుగుతున్నదని కనుగొన్న ముగ్గురికి నోబెల్ పురస్కారం ప్రకటితమైనది కూడా ఆ సంవత్సరం అక్టోబరులోనే.

వివాహవేళ మనం వధూవరులకు చూపే వసిష్ఠారుంధతులకు, తోక చివరనున్న మరీచికి సమీపంలోనే ఆ ఎం 101 ఉన్నది. మరొక విశేషం కూడా ఉన్నది. 1920 నాటి వాదంలో షాప్లీ ఆధారపడిన రెండవ యుక్తి, ఈ ఎం 101 తిరుగుతున్నట్లు కొలిచామన్న వాన్ మానెన్ కొలతలు. అవి దోషయుక్తమని తరువాత తేలింది. సమీపంలో ఉన్నదని సాధించడానికి సాక్ష్యంగా నిలిపిన నీహారికే, దూరాన్ని కొలిచే దీపాన్ని చేతబట్టి దర్శనమిచ్చింది.

నేడు కొత్త చుక్క కనిపించగానే దానిని సూపర్నోవా అనరు. 2016 నుండి అంతర్జాతీయ నామనిర్దేశ వ్యవస్థలో దానికి మొదట ఏటీ అనే తాత్కాలిక గుర్తు మాత్రమే ఇస్తారు, ‘క్షణికంగా కనిపించినది’ అని దాని భావం. వర్ణపటం తీసి జాతి నిర్ణయించిన తరువాతనే ఎస్‌ఎన్ అన్న నామం. లడఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున, చంద్రశేఖర్ పేరిట నెలకొన్న 2 మీటర్ల దూరదర్శినితో మన దేశ పరిశోధకులు కూడా ఈ లక్షణ నిర్ణయంలో పాల్గొంటున్నారు.

ఆలయానికి వచ్చే యువకులు కొందరు ఇవన్నీ మన వేదాలలో ముందే ఉన్నాయి కదా అని అడుగుతుంటారు. సిలికాన్ రేఖ వేదంలో ఉన్నదని చెప్పడం వేదానికి గౌరవం కాదు, ఆ పరిశోధకుల శ్రమకూ న్యాయం కాదు. మన పూర్వులు మనకిచ్చినది ఆ ఫలితాలను కాదు, ఫలితాలను పరీక్షించే నిష్ఠను. లక్షణం చెప్పినప్పుడు ఏది విడిచిపోయింది, ఏది అనవసరంగా చేరింది అని అడగడం, వ్యాప్తి సిద్ధించిందా అని అడగడం, కాకిని చూసి ఇల్లనుకుంటున్నామా అని అడగడం. ఆ ప్రశ్నలను మనం గోవు దగ్గర ఆపివేశాము. తర్కం చదివినవారు వాటిని తమ మాటలకు, తమ నమ్మకాలకు, మనుష్యులకు తాము పెట్టే పేర్లకు కూడా వర్తింపజేయాలి. ఒక తారకు తొందరపడి పెట్టిన పేరు పండితులను 40 సంవత్సరాలు చిక్కులో పడవేసింది. మనిషికి తొందరపడి పెట్టిన పేరు అంతకంటె ఎక్కువ కాలం బాధిస్తుంది.